బసలమిట్టలో పడని వాన

వాన ఆగస్టు పదిహేడున మధ్యాహ్నం రెండూ పదికి మొదలైంది. రెండూ యాభై మూడుకి ఆగింది. మొత్తం ముప్పై రెండు మిల్లీమీటర్లు. కోసిగి దగ్గర బసలమిట్ట అనే ఊళ్ళో ఈ వాన పడినట్టు కర్నూలులో ఒక కంప్యూటరు రాసుకుంది. బసలమిట్టలో ఆ రోజు ఒక్క చుక్క పడలేదు.

ఈ రెండూ నిజమేనని నాకు తెలిసేసరికి వారం తర్వాత ఒక సాయంత్రమైంది. ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకు మాత్రం, అందరిలాగే నేను కూడా ఎవరో దొంగలెక్క పుట్టించారనే అనుకున్నాను.

నా పేరు సుందరలక్ష్మి. టెలిఫోన్ శాఖ ఫిర్యాదుల విభాగంలో ఇరవై రెండేళ్ళు చేసి, ముందుగానే రిటైరై, కర్నూలులో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాను. ఆ ఉద్యోగం నాకు ఒకటి నేర్పింది. ఫోన్ చెడిపోయిందని వచ్చేవాళ్ళలో సగం మంది రిసీవరు సరిగా పెట్టనివాళ్ళే. మిగతా సగం మంది అబద్ధం చెప్పేవాళ్ళు.

నిన్న ఫోన్ చేసి నన్ను పెట్టుకుని, ఇప్పుడు నా ఎదురుగా కూర్చున్న పిల్ల ఏ సగంలోదో తేల్చుకోవడానికి నాకు సాయంత్రం ఆరు దాకా టైముంది. పేరు శ్రీవాణి, ఇరవై నాలుగేళ్ళు. ప్రభుత్వ పథకం కింద కరువు ఊళ్ళకు తాగునీటి ట్యాంకర్లు పంపే ఒక ప్రైవేటు కంపెనీలో ఇంజనీరు. మేం కూర్చున్నది ఆ కంపెనీ ఆఫీసులోనే. ఊళ్ళలో వాన కొలిచే మిషన్ల లెక్కలన్నీ ఒకచోటికి తెచ్చే 'వానచూపు' అనే సిస్టమ్ ఆమె చేతిమీద నడుస్తుంది. ఏ ఊళ్ళోనైనా ఒకరోజు ఇరవై ఐదు మిల్లీమీటర్లు దాటి వాన పడితే వానచూపు తనంతట తానే డ్రైవరుకు మెసేజ్ కొడుతుంది. ఆ ఊరికి పది రోజులు ట్యాంకరు రాదు.

బసలమిట్టకు ట్యాంకరు ఆగింది. ఇరవయ్యో తేదీన భీమమ్మ అనే ఆమె నీళ్ళకోసం పాడుబడ్డ దిగుడుబావిలోకి దిగి, రాయి జారి చచ్చిపోయింది.

"మొదట్నుంచి చెప్పు. నాకేమీ తెలియదనుకో," అన్నాను.

"మిషన్‌కి పైన గరాటు ఉంటుందక్కా. లోపల ఊగే చిన్న దొప్ప. అది నిండితే ఒరుగుతుంది. ఎన్నిసార్లు ఒరిగిందో మిషన్ లెక్కపెట్టి, దాన్ని తయారుచేసిన కంపెనీ సర్వరుకు పంపుతుంది. ఆ సర్వరుకు ఒక కిటికీ ఉండాది. దాన్నే ఏపీఐ అంటాం. మన వానచూపు ఆ కిటికీ కాడికి పోయి అడగాల, వాళ్ళియ్యాల."

"రేషన్ అంగడి మాదిరి."

"అంతేనక్కా. కార్డు చూపిస్తేనే ఇస్తారు. ఆ కార్డునే కీ అంటాం."

స్క్రీన్ మీద బసలమిట్ట వరస తెరిచి చూపించింది. సర్వరు అడ్రసు, కీ, ఎన్ని నిమిషాలకొకసారి అడగాలి, వచ్చిన లెక్కలో ఏ అంకె ఏ గడిలోకి పోవాలి, అన్నీ తనే జూన్ పన్నెండున నింపింది. అడిగే గడువు పదిహేను నిమిషాలు. అన్నిటికంటే కింద 'పరీక్ష' అని ఒక గడి. దానిలో టిక్కు లేదు.

"ఇదేంది?"

"కొత్త సోర్సు, అంటే కొత్త ఊరి మిషన్, పెట్టినప్పుడు గరాటులో కొలిచి నీళ్ళు పోయించి చూస్తాం. అప్పుడు ఈ టిక్కు పెడితే ఆ నీళ్ళు వాన లెక్కలో కలవవు. పని అయినాక తీసేస్తాం."

"జూన్ తర్వాత ఆ ఊరివాళ్ళతో మాట్లాడినావా?"

"లేదక్కా."

ఆ మాట స్క్రీన్ వైపు చూస్తూ చెప్పింది. నేను కూడా స్క్రీన్ వైపే చూస్తున్నాను. అది నా తప్పు.

తలుపు తోసుకుని సీఐ వేణుగోపాల్ వచ్చాడు. బసలమిట్ట ఆయన సర్కిల్లోది. వెనకాలే కంపెనీ మేనేజరు రామకృష్ణ, చేతిలో రెండు టీ గ్లాసులతో. రామకృష్ణ మెత్తటి మనిషి. కుర్చీ జరిపినా చప్పుడు రాదు.

"మేడమ్, ఇది ఎక్స్ఛేంజీలో లైను కలిపే పని కాదు," అన్నాడు సీఐ.

"నేను లైన్లు కలపలేదు సార్. ఫిర్యాదులు చూసేదాన్ని. రిసీవరు పక్కన పెట్టేసి ఫోన్ చచ్చిపోయిందని రాసే పోలీస్ స్టేషన్లు మూడు ఉండేవి. మీదొకటి."

ఆయనకు నవ్వు రాలేదు. "సోర్సు పెట్టింది ఈమె. కీ ఈమె కాడ ఉండాది. వాన పడలేదని ఊరంతా చెప్తాండాది. లెక్క ఈమె రాయకుంటే ఇంకెవరు రాస్తారు?"

"ఆ కీ చదవడానికి మాత్రమే," అన్నాను. " రాయడానికి పనికిరాదు. రేషన్ కార్డుంటే బియ్యం తెచ్చుకోవచ్చు, అంగట్లోకి పోయి మూట పెట్టి రాలేం గదా. అవతలి కంపెనీ సర్వర్లో కూడా ఇదే ముప్పై రెండు ఉంది. పొద్దున ఏడింటికి వాళ్ళతోనే మాట్లాడాను. ప్రతి వరసలోనూ మిషన్ పంపిన బ్యాటరీ లెక్క, గడియారం టైము సరిపోయాయి. అంటే ఆ లెక్క మిషన్ నుంచే వచ్చింది."

"అయితే వాన పడిందంటారా?"

"గరాటులో నీళ్ళు పడ్డాయంటాను."

సీఐ వాచీ చూసుకున్నాడు. "సాయంత్రం ఆరు. అప్పటికి ఆ నీళ్ళు పోసిందెవరో చూపించకపోతే ఈ పిల్లను తీసుకపోతా. ఊరికి మీ వెనకాలే నేనూ వస్తా. యాడా ఏమీ ముట్టుకోవద్దు."

రామకృష్ణ నిమిషం నిమిషం లెక్కల కాగితం ప్రింటు తీసి నా చేతికిచ్చాడు. "శ్రీవాణి మా ఇంటి పిల్ల లాంటిది. మీరు పోయి రండి, నేను చూసుకుంటా," అన్నాడు.

కారులో మూడు గంటల ప్రయాణం. ఎమ్మిగనూరు వచ్చేలోపు ఆ కాగితం నాకు కంఠతా వచ్చేసింది.

నీళ్ళు పదహారు సార్లు పడ్డాయి. రెండూ పది నుంచి రెండూ ముప్పై ఏడు దాకా పదకొండు సార్లు. ఒకసారి రెండు మిల్లీమీటర్లు, ఒకసారి ఒకటిన్నర, ఒకసారి మూడు. మధ్యలో రెండేసి మూడేసి నిమిషాల ఎడం. మొత్తం ఇరవై రెండు. తర్వాత పద్నాలుగు నిమిషాలు ఏమీ లేదు. రెండూ యాభై ఒకటికి మళ్ళీ మొదలై ఐదు సార్లు. ఈ ఐదూ సరిగ్గా రెండేసి మిల్లీమీటర్లు, ముప్పై సెకన్లకొకటి. మొత్తం పది.

మొదటి పదకొండు పోసినవాళ్ళకు కొలత తెలియదు. తర్వాతి ఐదు పోసిన మనిషికి కొలత తప్ప ఇంకేమీ పట్టలేదు.

ఇంకొకటి. వానచూపు రెండూ నలభై ఐదుకి కిటికీ దగ్గరికి పోయి ఇరవై రెండు తెచ్చుకుంది. అంటే రెండూ నలభై ఐదుకి కర్నూలులో ఆ స్క్రీన్ చూస్తున్నవాళ్ళకు ఇంకో మూడు దాటితే ట్యాంకరు ఆగుతుందని తెలుసు. ఎనిమిది నిమిషాల్లో బసలమిట్టలో పది పడింది. మూడింటికి వానచూపు మళ్ళీ పోయి ముప్పై రెండు తెచ్చింది. మూడూ ఒకటికి డ్రైవరుకు మెసేజ్ పోయింది.

ఆఫీసులో ఆ స్క్రీన్ చూసేవాళ్ళు ఇద్దరే. ఒకరు నా క్లయింటు. అందుకని రెండోవాడైన రామకృష్ణ గురించే ఆలోచించాను. ఫీజు ఇచ్చేవాళ్ళ మీద మనకు అనుమానం కొంచెం ఆలస్యంగా పుడుతుంది.

బసలమిట్టలో దిగేసరికి ఒకటీ నలభై. బడి వెనక, మోకాలెత్తు కంచె లోపల వాన మిషన్ ఉంది. గరాటు అంచున ఎండిన పసుపు మరక. లోపలి జల్లెడకు రెండు వేపాకులు అంటుకుని ఉన్నాయి. దగ్గరలో వేపచెట్టు లేదు. ఉన్నా, చెట్టు పసుపు పూయదు.

నేను వంగి చూస్తుంటే ఒకామె కంచె దగ్గరికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో ఖాళీ బిందె. పేరు నాగక్క అని చెప్పింది.

"దాన్ని ముట్టుకోవద్దమ్మా. మిషన్ అది. కాపలా నరసన్న అరుస్తాడు," అంది.

"మీరు ముట్టుకున్నారు గదా నాగక్కా. పదిహేడో తేదీ."

ఆమె బిందె కిందపెట్టింది. దాచే ప్రయత్నమేమీ చేయలేదు.

"కప్పను రోకలికి కట్టుకోని ఇంటింటికీ తిరిగినామమ్మా. వాన రానప్పుడు మా ఊర్లో తిరుగుతాం. ప్రతి ఇంట్లో కప్పమీద ఇన్ని నీళ్ళు పోయాల. ఈ తూరి బిందెలతో పోసేదానికి నీళ్ళు యాడివి? ట్యాంకరు నీళ్ళే, మనిషికి నాలుగు చెంబులు. సగం మంది సుగ్గికని పరాయి ఊర్లకు కూలికి పోయినారు. మిగిలింది పదకొండు ఇండ్లు. చిన్న గ్లాసుతో పోసినాము."

"మరి మిషన్లో?"

"భీమమ్మ చెప్పింది. వానను గుర్తుపట్టేది ఈ మిషనే గదా, పట్నంలో చెప్పేది ఇదే గదా, ఎండి ఎండి పాపం ఇది వాననే మర్చిపోయింటాది, దీనికీ ఇంత తాపిద్దాం అనింది. ఇంటికి ఒకరం, పసుపు, వేపాకు కలిపి, తలా గుక్కెడు పోసి మొక్కుకున్నాం." నాగక్క గొంతు తగ్గింది. "ముందు పోసింది భీమమ్మే."

నాకు ఏడుపు తొందరగా రాదు. ఆ క్షణం మాత్రం ఆకులు చూసే నెపంతో గరాటు మీదికి వంగాను. తాగే నీళ్ళలోంచి తీసి, వానకోసం మిషన్‌కు పోశారు.

వెనక జీపు ఆగింది. సీఐ వేణుగోపాల్ దిగుతూనే సగం విన్నాడు.

"దొరికింది గదా! నీళ్ళు పోసింది ఈ ఆడోళ్ళు. ప్రభుత్వ పథకం లెక్కలు చెడగొట్టినట్టు అందరిమీదా రాస్తా," అన్నాడు.

నాగక్క మొహం తెల్లబోయింది. ఆమె పోలీసువైపు చూడలేదు, నావైపు చూసింది. "మేం పోసిన నీళ్ళకేనా అమ్మా ట్యాంకరు ఆగిపోయింది? అందుకేనా భీమమ్మ బావిలోకి దిగింది?"

"కాదు," అన్నాను. "సార్, కాగితం చూడండి. పదకొండు ఇండ్లు, పదకొండు సార్లు, ఇరవై రెండు మిల్లీమీటర్లు. ట్యాంకరు ఆగాలంటే ఇరవై ఐదు దాటాలి. వీళ్ళు పోసి వెళ్ళిపోయినాక కూడా ట్యాంకరు నడుస్తూనే ఉంది. పద్నాలుగు నిమిషాల తర్వాత ఎవరో కొలిచి పోసిన పది ఆపింది."

సీఐ కాగితం రెండుసార్లు చదివాడు. మూర్ఖుడు కాదు, తొందర మనిషి. "ఎన్నింటికి పోయినారు మీరు?" అని నాగక్కను అడిగాడు.

"బడి పిల్లోళ్ళు అన్నం తిని లోపలికి పోయినాక వచ్చినాం సారూ. రెండో గంట కొట్టకముందే పోతిమి."

రెండో గంట రెండూ నలభైకి కొడతారని బడి గోడమీద టైముల పట్టికలో ఉంది. సీఐ పోయి చూసుకుని వచ్చాడు. "నువ్వు ఇంటికి పో అమ్మా," అన్నాడు నాగక్కతో. ఆమె బిందె మర్చిపోయి నాలుగు అడుగులు వేసి, మళ్ళీ వచ్చి తీసుకుంది.

మిషన్ కాపలా నరసన్న పొలానికి పోయాడు. పిలిపించడానికి చాలాసేపు పట్టింది. వచ్చేసరికి నాలుగు దాటింది. ఆయన గది కంచె పక్కనే, మనిషి పడుకోవడానికి సరిపోయేంత. మేకుకు గీతలు గీసిన చిన్న ప్లాస్టిక్ గ్లాసు వేలాడుతోంది.

"ఏమప్పా నరసన్నా, ఇదెందుకు?" అన్నాడు సీఐ.

"టెస్టుకు సారూ. ఈ గీత దాకా పోస్తే రెండు చూపిస్తాది అంట. జూన్లో నేర్పించినారు. ఐదు తూర్లు, అరనిమిషానికొకటి."

"పదిహేడో తేదీ పోసినావా?"

"పోసినా. ఫోన్ చేసి పొయ్యమన్యారు, పోసినా. అన్నానికి పోయి అప్పుడే వచ్చింటి. వాన పడతాందా అని అడిగినారు. యాడి వానమ్మా, ఎండ మండిపోతాందంటి. అట్లైతే మిషన్ చెడిపోయిందేమో, ఐదు గ్లాసులు పోసి చూడు అన్యారు." నరసన్న మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "తప్పా సారూ?"

అమ్మా అన్నాడు. ఆ మాట సీఐ కూడా విన్నాడు.

"ఎవరు చేసినారు?"

నరసన్న గోడ చూపించాడు. తలుపు పక్కన బొగ్గుతో రాసిన నంబర్లు నాలుగు. ఒకదాని కింద గీత ఉంది. సీఐ దాన్ని పైకి చదవడం మొదలుపెట్టాడు. ఐదో అంకె దగ్గరికి వచ్చేసరికి మిగతా ఐదూ నాకు తెలుసు. నిన్నటి నుంచి ఆ నంబరుతో ఏడుసార్లు మాట్లాడాను.

"మీ పిల్లే," అన్నాడు సీఐ. గొంతులో గెలుపు ఉంటుందనుకున్నాను. లేదు.

నా ఫోన్ మోగింది. అదే నంబరు. టైము నాలుగూ ఇరవై ఐదు. సీఐకి వినపడేలా స్పీకరు పెట్టాను. ఆయన అడగలేదు, నేనే పెట్టాను.

"అక్కా, ఏమన్నా తెలిసిందా?" గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"తెలిసింది. పదిహేడున నరసన్నకు ఫోన్ ఎందుకు చేసినావు? నాకెందుకు లేదని చెప్పినావు?"

"రెండూ నలభై ఐదుకి ఇరవై రెండు వచ్చిందక్కా. పక్క ఊర్లన్నిట్లో సున్నా. మిషన్ చెడిపోయిందేమో అని టెస్టు చేయించినా. తొందరలో ఆ టిక్కు పెట్టడం మర్చిపోయినా. నా ఐదు గ్లాసులు వానలో కలిసిపోయినాయి." ఏడుపు ఆపుకుంటోంది. "మూడింటికి ముప్పై రెండు చూసినాను. వెంటనే మేనేజరు సారుకు మెసేజ్ పెట్టినా. తప్పు లెక్క సార్, ట్యాంకరు ఆపొద్దని చెప్పండి అని. డ్రైవరుకు పోయిన ఆర్డరు మార్చేది ఆయనొక్కడే. ఆయన ఒకటే మాట పంపినాడు. 'ఉండనీ' అని."

"ఎందుకు ఉండనీ?"

"బసలమిట్ట ట్యాంకర్లు రెండూ ఆ రోజునుంచి సారు బామ్మర్ది నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీకి పోతాండాయి. నాకు మొన్ననే తెలిసింది. నేను ఆ పొద్దే ఊరికి పోయి చెప్పింటే భీమమ్మ బతికుండేది గదక్కా. ఆ మాట నోటికి రాక నీతో అబద్ధం చెప్పినా."

సీఐ ఫోన్‌కు దగ్గరగా వంగాడు. "నేను వేణుగోపాల్. ఆ మెసేజ్ ఇంకా ఉండాదా?"

"ఉండాది సార్. ఈ ఫోన్లోనే."

"ఎవరికీ ఇయ్యొద్దు. ఆఫీసులోనే కూర్చో. మనిషిని పంపుతాండా."

"ఆఫీసులో లేను సార్. కార్లో ఉన్నా. మైదుకూరులో మంచి లాయరున్నాడు, సాయంత్రం లోపల బెయిలు కాగితాలు చేయిద్దామని మేనేజరు సారే పిలుచుకోని వచ్చినాడు. ఆళ్ళగడ్డ దాటినాం. టీకి దిగినాడు, అందుకే అక్కకు చేసినా."

సీఐ నావైపు చూశాడు. పొద్దున్నుంచి మేమిద్దరం మొదటిసారి ఒకే విషయం ఆలోచించాం.

"శ్రీవాణీ, ఆ మెసేజ్ నీ దగ్గరుందని ఆయనకు తెలుసా?" అన్నాను.

"పొద్దున నేనే చెప్పినా. సీఐ గారికి చూపిస్తానంటే, తొందరపడొద్దు, ముందు లాయరుకు చూపిద్దామన్నాడు."

"ఇప్పుడే దిగు. జనం ఎక్కడుంటే అక్కడికి పో. పరుగెత్తు."

తలుపు పిడి గుంజిన చప్పుడు. మళ్ళీ గుంజింది. ఆ పక్క తలుపు కూడా గుంజింది.

"అక్కా, రావట్లేదు. లోపల్నుంచి తెరుచుకోవట్లేదు. ఈడ జనం లేరక్కా, ఒకటే టీ బంకు... సారు వస్తాండాడు."

"కారు నంబరు చెప్పు," అన్నాడు సీఐ. అప్పటికే ఆయన రెండో చేతిలో వైర్‌లెస్ సెట్ ఉంది.

ఆమె చెప్పింది, ఆయన గోడమీదే బొగ్గుతో రాశాడు. ఆఖరి అంకె చెప్తుండగా తలుపు తెరుచుకున్న చప్పుడైంది. రామకృష్ణ గొంతు దగ్గరగా, మెత్తగా వినిపించింది.

"ఎవరమ్మా ఫోన్లో?"

"మా అమ్మ సార్," అంది శ్రీవాణి. గొంతు వణకలేదు.

"అట్లనా. ఇటియ్యి, నేనూ మాట్లాడి ధైర్యం చెప్తా."

లైను కట్ అయింది. ఆమె కట్ చేసిందో, ఆయన కట్ చేశాడో తెలియలేదు. సీఐ మైదుకూరు స్టేషన్‌కు కారు నంబరు అరిచి చెప్తున్నాడు. మేమున్న చోటికీ ఆ కారుకూ మధ్య రెండు వందల కిలోమీటర్ల పైనే దూరం. నాకు భయం వేసింది, బాగా. ఫోన్ పట్టుకుని మళ్ళీ మోగితే ఆ పిల్ల తల్లిలా మాట్లాడటానికి సిద్ధంగా నిలబడ్డాను.

అర నిమిషానికి మోగింది. అదే నంబరు.